ఎదురు ఆసుపత్రి ఆకుపచ్చ చీర

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. ఎక్కడెక్కడి మనుషులో విశాఖపట్నం వచ్చి దిగేవారు, జ్వరాలూ పురుళ్లూ వాళ్లతోపాటే దిగేవి. గోపాలపట్నంలో భీమశంకరరావు డాక్టరుగారి ఆసుపత్రి ఎప్పుడు చూసినా తిరునాళ్లలా ఉండేది. డాక్టరుగారు నాడి చూసి మందు రాయడం వరకే. పనివాళ్లను కుదుర్చుకోవడం, వాళ్ల చేత పని చేయించుకోవడం అంతా ఆయన భార్య కాంతం చూసుకునేది. ఆవిడ అమలాపురం వైపు ఆడపడుచు, ఆసుపత్రి మేడ మీదే కాపురం.

కాంతం మంచిది కాదని ఎవరనగలరు? పనివాళ్లలో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా జావ కాచి పంపేది. కానీ ఏదైనా అనుమానం పట్టుకుందా, ఇక పంటిలో ఇరుక్కున్న మామిడి పీచే. నాలుక అక్కడికే పోతూ ఉంటుంది.

రోడ్డు అవతల కొత్త నర్సింగ్ హోమ్ తెరిచిన రోజునే ఆ పీచు ఇరుక్కుంది. అక్కడ మొజాయిక్ గచ్చు, రంగు దీపాలు, ఆయాలకి ఒకే రకం ఆకుపచ్చ చీరలు. ఇక్కడేమో ఉన్నదల్లా నర్సు గౌరీశ్వరి. పాలకొండ వైపు పిల్ల, అందరికీ అప్ప, అంటే అక్క. నొప్పులు పడుతున్న ఆడది "గౌరప్ప ఉన్నాదా?" అని అడిగి, ఉందంటేనే రిక్షా దిగేది. ఆ గౌరీశ్వరే రోడ్డు దాటి అటు పోయిందంటే పురుళ్ల గది మూసుకోవాల్సిందే. కాంతానికి అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస.

ఒక మధ్యాహ్నం మేడ మీద వడియాలు తిరగేస్తూ కాంతం కిందికి చూసింది. సోడా కొట్టు పక్కన గౌరీశ్వరి నిలబడి ఉంది. ఎదురు ఆసుపత్రి ఆయా ఒకతి, అదే ఆకుపచ్చ చీర, కాగితం పొట్లం విప్పి గౌరీశ్వరి చేతిలో పెట్టింది. కొత్త చీర! పైన గాజులు కూడా. ఊరికే ఎవరిస్తారమ్మా చీర?

సాయంత్రం కిందికి దిగి ఏమీ ఎరగనట్టు అడిగింది.

"ఎవరే గౌరీ, ఆ సోడా కొట్టు దగ్గరావిడ?"

"మనకి కావలసిన మనిషేనండి అమ్మగోరూ."

"పేరేంటి?"

గౌరీశ్వరి సిగ్గుపడింది. "పేరు నాను అనకూడదండి," అని నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

పేరు చెప్పకూడదట! ఇంకేం కావాలి? కాంతం కాంపౌండర్ వరహాల్ని పిలిచి, ఆ పిల్ల మీద ఒక కన్నేసి ఉంచమంది. మందులు కలపడం కన్నా ఆ పని వరహాలుకి మహా రుచించింది. ఏదో ఒకటి మోసుకొచ్చేవాడు, ఏమీ దొరక్కపోతే ఉన్నదానికే ఉప్పూకారం జల్లేవాడు.

"ఈయేళ ఆవిడ ఈవిడికి సేపల పులుసు తెచ్చిందండి. ఇద్దరూ ఒకటే గుసగుసలు."

"ఏమనుకుంటున్నారు?"

"ఇనబడనేదండి. మంచి మాటైతే ఇనబడేలాగే అనుకుందురు కదండీ?"

భర్తతో చెబితే ఆయన పేపరు లోంచి తల ఎత్తకుండా, "దాన్నే అడక్కపోయావా?" అన్నారు.

"అడిగితే చెబుతుందేంటండీ?" అని కాంతం గౌరీశ్వరి దగ్గర ఉండే మందుల బీరువా తాళం తీసుకుని తన బొడ్డులో దోపుకుంది. ఏం కావాలన్నా మేడెక్కి తననే అడగమంది. తను మెట్లు దిగుతుంటే కింద మాటలు టక్కున ఆగిపోయేవి. అందరూ కలిసే ఎదురు ఆసుపత్రికి పోతారు కాబోలనుకుంది.

ఒక పొద్దున పురుళ్ల గదిలో ఒకామె నొప్పులు పడుతుంటే గౌరీశ్వరి బీరువా తాళం కోసం ఆయాసపడుతూ మేడెక్కి వచ్చింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఆకుపచ్చ చీర కనబడింది. కాంతానికి ఒళ్లు మండిపోయింది.

"వెళ్లు! ఆ చీరలు పెట్టినవాళ్ల దగ్గరికే పో! ఏం ఆశ చూపించారే నీకు?"

"ఓలమ్మ! ఆశేటండీ? అది మా నేస్తమండి." గౌరీశ్వరి గుండె మీద చెయ్యేసుకుంది. "అమ్మోరి గుడికాడ పసుపు రాసుకుని నేస్తం కట్టుకున్నాం. సీర పెట్టాల, గాజులు పెట్టాల. ఆ మీద పేరు పెట్టి పిలవకూడదు. ఇకనుంచి ఆళ్లమ్మ నాకూ అమ్మే."

కాంతం పుట్టిన చోట స్నేహమంటే స్నేహమే. దానికీ పెళ్లిలా పసుపూ చీరా ఉంటాయని ఆవిడకి తెలియదు. అయినా పీచు ఊడిరాలేదు.

"మరి వాళ్లు నిన్ను రమ్మనలేదా?"

"ఆళ్ల డాక్టరుగోరు పిలిచారండి. రానని సెప్పీసినాను."

"ఆ మాట నాకెందుకు చెప్పలేదే?"

"అడిగితే సెప్పేదాన్ని. మీరు వరహాల్ని అడిగారు."

కింద నుంచి కేక వినబడింది. గౌరీశ్వరి చెయ్యి చాపింది. "తాళమిచ్చీయండి. ఈ పురుడు పోసీసి ఎల్తాను. రేపు వత్తానో రానో నాకే తెల్దు."

పురుడు సుఖంగా అయింది. సాయంత్రం గౌరీశ్వరి చెప్పకుండానే వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే కాంతం క్రోటన్ మొక్కలకి నీళ్లు పోసే వంకతో గేటు దగ్గర నిలబడింది. వరహాలు చేరాడు.

"అమ్మగోరూ, నిన్న బస్టాండుకాడ ఇద్దరూ..."

"నోరు ముయ్యరా."

"కన్నేసి ఉంచమన్నారు కదండీ!"

"తీసెయ్ ఆ కన్ను. పోయి మందులు కలుపుకో."

బస్సు ఆగింది. గౌరీశ్వరి, ఆ నేస్తం, ఇద్దరూ దిగారు. రోడ్డు మధ్య నిలబడి ఏదో చెప్పుకుని పడీపడీ నవ్వుకున్నారు, ఒకసారి ఇటు చూశారు కూడా. కాంతం చేతిలో చెంబు వంగిపోయి నీళ్లన్నీ పాదాల మీద పడ్డాయి. ఆకుపచ్చ చీర అటు వెళ్లింది. గౌరీశ్వరి ఇటు వచ్చింది.

ఎందుకు నవ్వుకున్నారో అడగాలని కాంతం నాలుక ఒకటే దురద. దాన్ని బలవంతాన మింగి, "మీ నేస్తం కాఫీ తాగుతుందా? ఎప్పుడైనా తీసుకురారాదూ?" అంది.

గౌరీశ్వరి ఆగిపోయింది. కళ్లు చిన్నవి చేసి ఆవిడ్ని కిందికీ మీదికీ చూసింది.

"ఏటి అమ్మగోరూ, దాన్ని ఇటు లాగీద్దామనా?"

నిజానికి ఆ ఆలోచన కాంతానికి అప్పటిదాకా తట్టనే లేదు. లేదని ఎంత చెప్పినా గౌరీశ్వరి నమ్మలేదు. తల అడ్డంగా ఊపుకుంటూ సిరంజీలు మరగబెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది.