మొగిలి సొంతూరు

టీవీ అనే పెట్టె ఎలా ఉంటుందో తార్నాకలో ఒక్కడూ చూసి ఎరగడు. అయినా అందులో వచ్చే ఓ అమెరికా నాటకం మీద రోజూ కొట్టుకు చచ్చేవాళ్లు, అదీ విచిత్రం! యూనివర్సిటీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరు ఇమ్మానుయేలు ఒక్కడే ట్రైనింగుకని ఏడాది అమెరికాలో ఉండి, అక్కడి హాస్టలు హాల్లో వారం వారం చూసి వచ్చాడు. చుక్కల మధ్య తిరిగే ఓడ కథ. సాయంత్రాలు ఇరానీ హోటల్లో అతను చెప్పడం, మిగతావాళ్లు నోళ్లు తెరుచుకుని వినడం.

విని ఊరుకుంటారా? పొద్దే పొడవని ఓడలో ఆదివారం ఎట్లా తెలుస్తుందని లాలాగూడ వర్క్‌షాపు ఫిట్టరు సామేలు వారం రోజులు ప్రాణం తీశాడు.

పెద్ద తగువు ఓడ నడిపేవాడి మీద వచ్చింది. అతని పేరు ఎవరికీ నోరు తిరగక మొగిలి అని పెట్టుకున్నారు. వాళ్లమ్మ ఓడలోనే కాపురం చేసింది. తొలికాన్పుకు మాత్రం పుట్టింటికి, ఏదో ఎర్రమట్టి గ్రహానికి వెళ్లి, కని, పసివాణ్ణి ఎత్తుకుని మళ్లీ ఓడెక్కింది. మరి మొగిలిది ఏ ఊరు?

"కాన్పుకు వోయిన ఊరు సొంతూరెట్లయితది?" అన్నాడు సామేలు.

"పుట్టిన మన్నే సొంతూరు. ఓడకు మన్నున్నదా?" అన్నాడు వీరస్వామి. ఎమ్మెస్సీ కుర్రాడు, హాస్టలంతా అతని మాట మీద నడుస్తుంది.

చూసినవాడు తనే కనక తీర్పు ఇమ్మానుయేలే చెప్పాలి. వీరస్వామి సమోసాల పళ్లెం అతని వైపు జరిపాడు. "వీరస్వామి గెలిచిండు. పుట్టిన మన్నే!" అని బల్ల చరిచాడు ఇమ్మానుయేలు. హోటలంతా ఈలలు వేసింది. సామేలు ఒక్కడే మొహం మాడ్చుకున్నాడు. చిన్నప్పటి స్నేహితుడు కదా, వాడికి తెలుసు. ఇమ్మానుయేలు తండ్రి లాలాగూడ బడిలో పంతులు. తల్లి తొలికాన్పుకని పుట్టింటికి, గుడివాడ వెళ్లింది. మూడో నెలలో బిడ్డతో తిరిగి వచ్చింది.

అరవైతొమ్మిది వచ్చింది. తెలంగాణ కావాలని క్యాంపస్ అట్టుడికిపోయింది. బయటివాళ్లు ఉద్యోగాలు వదిలి పోవాలన్నారు. ఆ కోపం తప్పని ఇమ్మానుయేలు ఏనాడూ అనలేదు. తను చదువు చెప్పిన పిల్లలే పనుల్లేక తిరగడం చూశాడు. అది తన లాబు గుమ్మం దాకా వస్తుందని మాత్రం అనుకోలేదు, పిచ్చిమారాజు. అతను పుట్టిన ఊరేదో ఆఫీసు కాగితాల్లోంచి బయటికి పొక్కింది. "పిల్లలు ఒప్పుకుంటే ఉండండి. లేదా మీ వైపు వెళ్లి ఏదైనా చూసుకోండి" అన్నాడు ప్రొఫెసరు.

మీ వైపట! గుడివాడలో అతన్ని గుర్తుపట్టే మనిషి లేడు. అమ్మానాన్నల సమాధులు లాలాగూడలో ఉన్నాయి.

కాలేజీ మెట్ల దగ్గర వీరస్వామిని పట్టుకున్నాడు. "ఒక్క మాట చెప్పు వీరస్వామీ. మనోడే అను. చాలు."

వీరస్వామి తలెత్తలేదు. "చెప్పిన సార్. గా దినం హోటల్ల అందరుండిరి గదా. పుట్టిన మన్నే అని సారే తీర్పు చెప్పిండు, ఇంక నువ్వెవడివి అంటున్నరు."

"అరే, గది కథనేరా!"

"నాకెరుక లేదా సార్? అమ్ముడువోయినవని నన్నే తిట్టిండ్రు. ఏం జెయ్యాలె, మీరే చెప్పుండ్రి." కుర్రాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇమ్మానుయేలుకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది పాపం.

సామేలు వర్క్‌షాపులోంచి జిడ్డు చేతులతోనే కాలేజీకి ఉరికి వచ్చి, "నాతోని గోలీలాడిండురా, గీడోడే!" అని గొంతు పోయేలా అరిచాడు. ఎవరు వింటారు?

ఉద్యోగం వదిలి ఊరు దాటే రోజు తార్నాక బస్టాపుకు ట్రంకు పెట్టె వీరస్వామే మోసుకొచ్చాడు. దూరంగా బస్సు కనబడింది.

"సార్, మొగిలి ఆఖరికి ఏడికి వోయిండు? చెప్పనే లేదు."

"నాకు గూడ తెల్వదు. ఆఖరి వారాలు చూడలే. బెంగ వట్టుకున్నది, ముందే ఇంటికొచ్చేసిన."

"ఇంటికంటే?"

"ఇంటికేరా. లాలాగూడకు."

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఎక్కమని కేకలేస్తున్నాడు. వీరస్వామి పెట్టె వదల్లేదు. చివరికి ఇమ్మానుయేలే అతని వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి పెట్టె తీసుకున్నాడు.