శుభం పడని ఆట

ఆదోని చాంద్ టాకీసులో నేల తరగతి నడుమ ఒక గోడ ఉండేది. కూర్చుంటే అవతలి తల కనబడనంత ఎత్తు. కుడి పక్క ఆడవాళ్ళు, ఎడమ పక్క మగవాళ్ళు. టాకీసు యజమాని ఖాసిం సాబ్ ఆ గోడ కట్టించి, లోకాన్ని రెండుగా పంచేశానని చేతులు దులుపుకున్నాడు పాపం. జోగప్పలు కూడా టికెట్టు కొంటారన్న సంగతి ఆయనకు తట్టలేదు.

జోగప్పలంటే మగబిడ్డలుగా పుట్టి, ఎల్లమ్మ తల్లికి మొక్కుబడై, చీరా గాజులతో బతికేవాళ్ళు. వాళ్ళకు పెద్ద సుంకులమ్మ. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు ఆమె ఒకరోజు సినిమాకొస్తే ఆడవాళ్ళ వాకిట్లో ఉండే మరియంబీ "నువ్వు ఆపక్కకు పోమ్మా" అంది. మగవాళ్ళ వాకిట్లో గేటు చూసే అబ్బాస్ అలీ లోపలికైతే పంపాడు గానీ, అక్కడి గిల్లుళ్ళకు తాళలేక ఆమె లేచి, నేరుగా పోయి ఆ గోడెక్కి కూర్చుంది. అటొక కాలు, ఇటొక కాలు. ఆట మొత్తం అట్లాగే చూసింది. మర్నాడు ఆమె జనమంతా వచ్చి గోడ పొడుగునా బారుగా కూర్చున్నారు. గోడ మాత్రం ఎన్నాళ్ళని మోస్తుంది? వారం తిరక్కుండానే కూలింది.

"గోడ కూలితే నేనేం జేసేదప్పా" అంది సుంకులమ్మ, పంచాయితీకి పిలిపించిన ఖాసిం సాబ్‌తో. "నన్ను యాడ కూసోమంటావో నువ్వే సెప్పు. ఆడోళ్ళకని శుక్రారం పగలు ఒక ఆట ఏస్తాండావు గదా. మాకూ ఒకటెయ్యి."

గోడ మళ్ళీ కట్టించడం కంటే ఆట వేయడమే తేలికని ఆయనకు తోచింది. "సరే, మంగళారం పొద్దున ఏస్తా. ఏ బొమ్మ కావాల?"

సుంకులమ్మ తడుముకోలేదు. టాకీసు మేడ మీది గదిలో ఒక పాత జానపదం పెట్టె దుమ్ము కొట్టుకుని పడి ఉంది. ఎక్కడా ఆడలేదు కాబట్టి పంపినవాళ్ళు తిరిగి అడగనైనా అడగలేదు. అందులో రాజకుమారుడు శత్రువులకు దొరక్కుండా చీర కట్టి, పగవాడి కోటలో దాసీగా చేరతాడు. ఆ కోట సేనాధిపతి దాసీని మనసారా ప్రేమిస్తాడు. ఇద్దరూ ఉయ్యాల మీద కూర్చుని పాట పాడతారు. నడిమి గోడ లేని రోజుల్లో, ఊరందరూ మరిచిపోయిన ఆ బొమ్మను ఖాసిం సాబ్ ఎప్పుడు బయటికి తీసినా సరే, దేవనకొండ నుంచి, తుగ్గలి నుంచి జోగప్పలు సద్దులు కట్టుకుని మరీ వచ్చేవాళ్ళు.

"ఒక మాట సాబ్" అంది సుంకులమ్మ. "కడా రీలు ఆడించొద్దు. దాంట్లో ఆ పిల్లోడు సీర ఇప్పేసి, మీసం పెట్టుకోని, ఆ సేనాధిపతినే కత్తితో పొడుస్తాడు. పేమించినోన్ని పొడిసేదేమప్పా? పతిసారీ ఏడ్సుకుంటా బయటికొస్తాంటిమి. ఒక్క తూరి ఆయప్పను బతకనియ్యి."

"రీలు తగ్గితే నాకు కరెంటు మిగులుతుంది. పో, బతకనిస్తా" అన్నాడు ఖాసిం సాబ్.

ఇదంతా పక్కన నిలబడి వింటున్న అబ్బాస్ అలీ మంగళవారమన్న మాట దగ్గరే ఆగిపోయాడు. ఎందుకో చెప్పాలంటే మహానంది గురించి చెప్పాలి. మహానంది ఎమ్మిగనూరు నేతగాడు. ప్రతి మంగళవారం చీరల మూట బస్సుకేసుకుని వచ్చి, ఆదోని అంగళ్ళలో ఇచ్చేసి, చాంద్ టాకీసుకొచ్చేవాడు. తలుపు పక్క బెంచీ కొసనే కూర్చునేవాడు. అబ్బాస్ అలీ తలుపు దగ్గర నిలబడేవాడు. గేటు చూసేవాడు కూర్చోకూడదని ఖాసిం సాబ్ రూలు. వెలుతురు రాకుండా తలుపుకు వేలాడదీసిన ఎర్రటి తెర ఇద్దరి మధ్య ఊగుతుండేది. చీకట్లో ఆ తెర చాటున ఒక చెయ్యి ఇంకో చేతిని వెతుక్కునేది. రెండేళ్ళుగా అంతే. అబ్బాస్ అలీకి మహానంది అంటే ప్రాణం. ఆ ముక్క ఎవరితో అంటాడు? గోడకు చెప్పుకుందామంటే ఆ గోడా కూలిపాయె.

ఆ పంచాయితీ రోజూ మంగళవారమే. మ్యాట్నీలో మహానంది చెప్పాడు. "ఇంగ మింద సీరలు లారీలో వస్తాయంటప్పా. నాకు ఆదోనికి వచ్చే పనే ల్యా. వచ్చే మంగళారమే కడాకు."

ఇప్పుడు అబ్బాస్ అలీ పరుగున పోయి బస్టాండులో అతన్ని పట్టుకున్నాడు. "సుంకులమ్మోళ్ళ ఆట వచ్చే మంగళారమే. ఆడ మనల్ని అడిగేటోళ్ళు ఎవరూ ఉండరు. ఒక్క బొమ్మ పక్కపక్కన కూసోని సూద్దామప్పా."

మహానంది కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరేనని తల ఊపాడు.

అంతా బాగానే ఉండేది, ఆ చాటింపు గనక లేకపోతే. జట్కాకు మైకు కట్టారు. ఏమని చెప్పాలో ఖాసిం సాబ్‌కు పాలుపోలేదు. జోగప్పలకు ఊళ్ళో ఉన్న మాటలన్నీ తిట్లే, వాటిలో ఒక్కటి కూడా మైకులో పడటానికి వీల్లేదని అబ్బాస్ అలీ పట్టుబట్టాడు. మర్యాదగా ఉంటుందని తానే ఒక మాట కూర్చి ఇచ్చాడు. "చాంద్ టాకీసులో మంగళవారం పొద్దున ప్రత్యేక ఆట. చీర కట్టుకున్న మగవాళ్ళకు మాత్రమే ప్రవేశం. ఈ ఆటలో కథ మారుతుంది."

కథ మారుతుందంటే ఆదోని ఊరుకుంటుందా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఆ మంగళవారం ఊరంతా ఉలిపికట్టె దారినే పట్టింది. పత్తి మార్కెట్టు హమాలీలు, మిల్లు కూలీలు, చెరగు దోపుకుని వరసలో నిలబడ్డారు. పెళ్ళాల చీరలు కొందరు, తల్లుల చీరలు కొందరు. మీసాలు మాత్రం ఎవరూ తీయలేదు. ఆడవాళ్ళకు ప్రవేశం లేదు కాబట్టి వాళ్ళంతా రోడ్డుకవతల చేరి కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. చీర దొరకని వాళ్ళు బస్సు దిగి వస్తున్న మహానంది మీద పడి, డబ్బులు చేతిలో పెట్టి, చూస్తుండగానే మూట ఖాళీ చేసేశారు.

సుంకులమ్మ నడుము మీద చేతులేసుకుని ఆ వరసంతా చూసింది. తన ఆట తనకు దక్కేట్టు లేదని ముందు మండిపడింది. కాసేపటికి ఆ చీరకట్టు చూడలేకపోయింది. "థూ, అది సీర కట్టడమా, పత్తి బేలుకు గోనె సుట్టడమా? కుచ్చిళ్ళు ముందరికి రావాలప్పా" అంటూ బజారి అనే హమాలీని పట్టుకుని విప్పి మళ్ళీ కట్టింది. ఆమె జనం కూడా తలా ఒకణ్ణి పట్టుకున్నారు. బజారి వీరపోతులాంటి మనిషి, పెళ్ళికూతురులా తల వంచుకుని నిలబడ్డాడు.

ఖాసిం సాబ్ లుంగీతో లోపలికి పోబోతే సుంకులమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "రూలు నీదే గద సాబ్." ఆయన గొణుక్కుంటూ ఇంటికి పోయి, భార్య సైదా బీ చీర కట్టుకొచ్చాడు.

బెల్లు కొట్టారు. తలుపు దగ్గర ఇద్దరు మిగిలారు. అబ్బాస్ అలీ ఖాకీ చొక్కా, ప్యాంటుతో. మహానంది పంచెతో. చీరలు నేసేవాడి దగ్గర ఒక్క చీర లేదు.

"పంచెకు లోపలికి లేదు నాయనా" అంది సుంకులమ్మ. "మిమ్మల్ని ఇడిస్తే ఊరంతా పంచెలేసుకోని వస్తారు. మల్ల నా ఆట నాది గాదు."

లోపల పేర్లు పడే సంగీతం మొదలైంది. అబ్బాస్ అలీకి ఏడుపొచ్చింది. ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటే విన్నాడు గానీ, గొయ్యి తీసి, దానికి మైకు కట్టి ఊరంతా చాటింపు వేసుకున్నవాణ్ణి ఎక్కడా చూడలేదు. వేళ్ళాడుతున్న ఎర్ర తెర అతని భుజానికి తగిలింది. దాని వంక ఒక్క క్షణం చూసి, పైన కట్టిన తాళ్ళు తెంపి లాగేశాడు.

తెర వెడల్పుగా ఉంది, ఉన్నది ఒక్కటే. మహానంది దాన్ని చేతుల్లోకి తీసుకుని నేతగాడి వేళ్ళతో తడిమాడు. "రెండు పన్నాల గుడ్డ కలిపి కుట్టినారప్పా" అని కుట్టు దొరకబుచ్చుకుని, పళ్ళతో కొరికి బర్రున విప్పాడు. అబ్బాస్‌కొక సగం, తనకొక సగం.

సుంకులమ్మే కట్టింది ఇద్దరికీ. మహానందికి చెరగు సర్దుతూ, అతను చూస్తున్న వైపు తానూ చూసింది. అక్కడ అబ్బాస్ అలీ ఉన్నాడు. ఆమె చెయ్యి ఆగింది.

"ఎన్నాళ్ళాయ?"

"రెండేండ్లు" అన్నాడు అబ్బాస్ అలీ, నేల చూస్తూ.

"ముందే సెప్పగూడదా నాయనా" అంది ఆమె, చెరగు మళ్ళీ సర్దుతూ. "గోడ మింద మీకూ సోటిచ్చేదాన్ని."

తలుపు పక్క బెంచీ కొసన ఇద్దరూ కూర్చున్నారు. భుజం భుజం తగిలేట్టు, చెయ్యిలో చెయ్యి వేసుకుని. తెర లేదు కాబట్టి తలుపు సందుల్లోంచి ఎండ సరిగ్గా ఆ చేతుల మీదనే పడింది. వెలుతురొస్తోందని ముందు బెంచీలో బజారి కోపంగా వెనక్కి తిరిగాడు. ఆ చేతులు చూశాడు. నోరు తెరిచాడు. జారుతున్న తన చెరగు కూడా చూసుకున్నాడు. నోరు మూసుకుని, చెరగు భుజాన వేసుకుని, ముందుకు తిరిగి బొమ్మ చూశాడు.

ఉయ్యాల పాట వచ్చింది. సేనాధిపతి దాసీ తలలో పువ్వు పెట్టి నవ్వాడు. ఆ నవ్వు మీద రీలు అయిపోయి తెర తెల్లబడింది. పైన ఆపరేటర్ రంగన్న తన పని అయిపోయిందని దీపం ఆర్పకుండానే టీ తాగడానికి పోయాడు.

ఎవరూ లేవలేదు. శుభం అని పడితేనే ఆదోని జనం లేస్తారు, అది పడగానే అబ్బాస్ అలీ తలుపులు తీస్తాడు. ఇన్నేళ్ళుగా అదే అలవాటు. ఆ శుభం కాస్తా కడా రీల్లో ఉండిపోయింది. మీసాలూ, చెరగులూ, గాజులూ, సైదా బీ చీరలో ఖాసిం సాబూ, అందరూ తెల్లటి తెర వంక చూస్తూ అట్లాగే కూర్చున్నారు. సుంకులమ్మ కళ్ళొత్తుకుంటోంది, ఈసారి నవ్వుతూ.

"ఎమ్మిగనూరు బస్సుకు టైమైతాంది" అన్నాడు మహానంది, చెయ్యి వదలకుండానే.

"శుభం పడలేదు గదప్పా" అన్నాడు అబ్బాస్ అలీ. "కూసో."