ఎదురు రా, వదినా

నేను ఒక చిన్న కారుని. నిజం చెప్పుకోవాలంటే ఇప్పుడు కారునని అనుకోకూడదు. బెజవాడ ఆటోనగర్‌లో ఒక పాత సామాను కొట్టు వెనక, తలుపులూ ఇంజనూ లేకుండా ఇటుకల మీద కూర్చున్న ఇనప డొక్కుని. అయినా నన్ను చూసి అయ్యో పాపం అనకండి. నేను చూసిన ఒక సాయంత్రాన్ని మీ ఖరీదైన కార్లేవీ చూసి ఉండవు.

నా మొదటి యజమాని ఒక పోస్టుమాస్టరుగారు. నన్ను నడిపిన దానికంటే తుడిచింది ఎక్కువ. సీట్లకున్న ప్లాస్టిక్ కవర్లు ఎవర్నీ తియ్యనివ్వలేదు. నా సీట్లు ఏ రంగువో తెలియకుండానే ఆయన నన్ను అమ్మేశారు. తర్వాత డ్రైవింగ్ స్కూలు పాలయ్యాను. క్లచ్చంటే ఏమిటో తెలియని వాళ్ళంతా నా మీదే నేర్చుకున్నారు. తల ప్రాణం తోకకొచ్చింది. తప్పు ఎవరు చేసినా "దరిద్రపు బండి" అన్న తిట్టు మాత్రం నాకే తగిలేది.

అక్కడినుంచి నన్ను తెచ్చుకున్నవాడు ఇంజను మేస్త్రీ గంగాధరం. అతనికొక పిచ్చి. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, పచ్చదీపం వెలగ్గానే పావు మైలు తిన్నగా పరుగెత్తాలి, ముందు చేరినవాడిది గెలుపు. దాన్ని డ్రాగ్ రేసంటారు. అంత వేగంగా పోయి, మళ్ళీ మెల్లగా వెనక్కి రావడానికి ఇంత హడావుడి ఎందుకో నాకీనాటికీ అర్థం కాలేదు. మనుషుల సంగతి మనుషులకే తెలియాలి.

గంగాధరం నా వెనక సీటు పీకేశాడు. ఏసీ తీసేశాడు, రేడియో తీసేశాడు, బరువున్నదల్లా బయట పారేశాడు. అద్దాల బదులు పల్చటి ప్లాస్టిక్ రేకులు బిగించాడు. నడిపేవాడి ప్రాణానికి కాపుగా లోపల ఇనప గొట్టాలతో పంజరం వెల్డింగ్ చేశాడు. ఇంజను విప్పి గట్టి పిస్టన్లు వేసి, పక్కన గాలి ఊది బలం పెంచే టర్బో తగిలించాడు. ఆ తర్వాత స్టార్ట్ చేస్తే నా గొంతు విని నేనే జడుసుకున్నాను.

ఒక్క లోపం మాత్రం మిగిలింది. బలం పెరిగేసరికి, కదలగానే నా ముక్కు ఎడమకు లాగేది. బయల్దేరేటప్పుడు గీత మీద తిన్నగా నిలబెడితేనే అది అదుపులో ఉంటుంది. హెల్మెట్ పెట్టుకుని, బెల్టులతో బిగించుకుని కూర్చున్నవాడికి ముందు దారి సరిగా కనపడదు. ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి, వెనక్కి నడుస్తూ, చేతులతో సైగ చేస్తూ పిలవాలి. ఆ పని గంగాధరం భార్య భ్రమరాంబది. చక్రాలు సరిచూసేటప్పుడు మొగుడి పక్కనే కూర్చుని నేర్చుకుంది. ఆమె ఆపమన్న చోట ఆపితే నేను వంకరపోయింది లేదు.

ఇంతలో గంగాధరం జ్వరమని పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాత భ్రమరాంబ ఎవరికీ ఎదురు రావడం మానేసింది. ఇంట్లోంచి ఎవరైనా బయల్దేరుతుంటే వంటింట్లోకి తప్పుకునేది. ఒక పొద్దున నన్ను బయటికి తీస్తుంటే, షెడ్డులో రంగులేసే సుబ్బారాయుడు, "అమ్మాయ్, కాస్త పక్కకుండు తల్లీ" అన్నాడు. మంచివాడే. మంచివాళ్ళు మెత్తగా అన్న మాటే మనిషిని ఎక్కువ కోస్తుంది.

గంగాధరం నా మీద సగంలో వదిలేసిన పని మరిది పోతురాజు పూర్తి చేశాడు. అన్న బండిని ఒక్కసారైనా పోటీలో పరుగెత్తించాలని అతని పంతం. పాత రన్‌వే మీద పోటీలు పెడితే నన్ను వ్యానుకు కట్టి తీసుకెళ్ళాడు. భ్రమరాంబ అన్నం క్యారేజీలు పట్టుకుని వచ్చింది గానీ, వ్యాను వెనకే కూర్చుంది.

మొదటి పరుగుకు సుబ్బారాయుడు నాకెదురుగా నిలబడ్డాడు. ఆయన ఆపిన చోటే పోతురాజు ఆపాడు. పచ్చదీపం వెలిగింది. నా ముక్కు ఎడమకు లాగింది, సిమెంటు గోడ మీదికొచ్చేసింది. పోతురాజు ఎలా ఆపాడో ఆ దేవుడికే తెలియాలి. నా పక్క రేకు గీరుకుపోయింది. ఇంకొక్క పరుగే మిగిలింది.

"వద్దురా, ఇంటికి పోదాం" అన్నాడు సుబ్బారాయుడు.

పోతురాజు వ్యాను దగ్గరికెళ్ళాడు. "వదినా, నువ్వు ఎదురు రావాలి."

"నన్ను పిలవకు పోతురాజూ."

"నువ్వు లేకపోతే అది నిలబడదు వదినా."

"నేనెదురొచ్చి నీకేమన్నా అయితే? ఒకణ్ణి పోగొట్టుకున్నా. నిన్ను కూడానా? మీ అమ్మకి ఏ మొహం చూపించను?"

"ఇందాక నువ్వు వ్యాను వెనకే ఉన్నావుగా. మరి గోడెందుకు గుద్దబోయాను?"

సుబ్బారాయుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పో తల్లీ. నాకు చూపు ఆనట్లేదు. వీణ్ణి గోడకేసి నిలబెట్టింది నేనే" అన్నాడు.

భ్రమరాంబ నా ముందుకొచ్చింది. ఎన్నాళ్ళకు చూశానో ఆ మొహాన్ని! రెండు చేతులూ ఎత్తింది. వెనక్కి నడుస్తూ, రా, రా అని పిలిచింది. గీత దగ్గర ఆపి, వంగి నా చక్రాలు చూసి, తల అడ్డంగా ఊపింది. మళ్ళీ వెనక్కి పంపింది. "ఏంటమ్మా, ముగ్గేస్తున్నావా?" అని ఎవడో అరిచాడు. ఆమె అటు చూడనైనా లేదు. రెండోసారి పిడికిలి బిగించి ఆపింది. పోతురాజు కళ్ళలోకి చూసి, "వెళ్ళి రా నాయనా" అని పక్కకు తప్పుకుంది.

పచ్చదీపం వెలిగింది. నా ముక్కు ఎడమకు లాగబోయింది, పోతురాజు పట్టాడు, ఈసారి నేను మాట విన్నాను. తిన్నగా పోయాను. గోడ నా పక్కనుంచి దూరంగానే జరిగిపోయింది. గెలవలేదు. పక్క కారు ముందే చేరింది. పైగా చివర్లో నా కడుపులో ఏదో పగిలి నూనె కక్కుకున్నాను. ఆ ఇంజను మళ్ళీ మోగలేదు. పోతురాజు మాత్రం చెక్కుచెదరకుండా దిగాడు.

నన్ను తోసుకొస్తుంటే భ్రమరాంబ ఎదురు పరుగెత్తుకొచ్చింది. "తిన్నగా వెళ్ళిందా?"

"గీత గీసినట్టు వెళ్ళింది వదినా."

ఆమె నా మీద చెయ్యి వేసి, "వెళ్ళిందయ్యా, నీ బండి తిన్నగా వెళ్ళిందయ్యా" అంటూ బావురుమంది. మొగుడు పోయాక ఆమె నోరు తెరిచి ఏడవడం అదే మొదలు. పోతురాజూ ఏడ్చాడు. నాకు కన్నీళ్ళుంటే నేనూ ఏడ్చేదాన్ని.

అప్పుడొచ్చాడు నన్ను ఓడించిన కారు కుర్రాడు. అనంతపురం వాడట. "అక్కా, మాకు ఫైనల్ ఉండాది. మా బండి ముందర గూడా ఒకసారి నిలబడతావా?"

"నేనా?" ఆమె కళ్ళు తుడుచుకుంది. "నేను మొగుడు పోయినదాన్ని బాబూ."

కుర్రాడికి అర్థం కాలేదు. "అయితే ఏమక్కా? నీ చెయ్యి సూటిగా ఉండాది. నాకదే కావాల."

భ్రమరాంబ ఒక్క క్షణం సుబ్బారాయుడి వైపు చూసింది. ఆయన పక్కకు జరిగి దారిచ్చాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుని, వెళ్ళి ఆ కారుకు ఎదురుగా నిలబడింది.