గీత దాకా నీళ్ళు

అన్నం తింటూ పిల్ల మూడుసార్లు పిన్ని పేరెత్తింది. మొదటిసారి తల్లి విననట్టే ఊరుకుంది. రెండోసారి గిన్నెను కాస్త చప్పుడయ్యేలా కింద పెట్టింది. మూడోసారి, "పిన్ని వాళ్ళ రొయ్య నా వేలి మీదికెక్కి గోళ్ళు శుభ్రం చేసిందమ్మా!" అని పిల్ల చెయ్యి చాపేసరికి ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీ గోళ్ళు తియ్యడానికి నేను చచ్చానా?" అంది.

పక్కనే భోజనం చేస్తున్న మొగుడు తల వంచుకుని నవ్వుకున్నాడు. ఆయన బస్సు డ్రైవరు. ఎక్కడ హారన్ కొట్టాలో, ఎక్కడ నోరు మూసుకుని పోనివ్వాలో బాగా తెలిసినవాడు.

అసలు సంగతేమిటంటే, ఈవిడ చెల్లెలు రెండు వీధుల అవతల ఒంటిగదిలో ఉంటుంది. కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం. పెళ్ళీ పెటాకులూ లేవు. మూడు నెలల కిందట ఒక బకెట్టు నీళ్ళు పట్టేంత గాజుతొట్టి కొని, అందులో ఉప్పునీళ్ళు పోసి, సముద్రపు రాళ్ళు రెండు పెట్టి, వాటిమీద పగడాల్ని పెంచడం మొదలుపెట్టింది. పగడమంటే ఉంగరంలో రాయి కాదు, ప్రాణమున్నది. లైటు పడగానే బొత్తాలంతేసి పువ్వుల్లా విచ్చుకుంటుంది, తాకితే ముడుచుకుంటుంది. వాటికి తోడు ఎర్రచారల రొయ్య ఒకటి. పెద్ద చాకిరీ కూడా లేదు. ఒక లైటు, ఒక చిన్న పంపు, వారానికోసారి కాసిని నీళ్ళు మార్చడం, అంతే.

పదేళ్ళ పిల్లకు ఇంకేం కావాలి! బడి వదలగానే సంచీతో సహా అటే పరుగు. దాని అల్లరికి ఇంట్లో పిడుగు అని పేరు. ఇప్పుడా పిడుగు రోజూ పిన్ని ఇంట్లోనే పడుతోంది.

అక్కది కుట్టుపని. ముందుగదిలోనే మిషను. జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చెయ్యడం, కర్టెన్లకు అంచులు కుట్టడం. అంతకుముందు పిడుగు బట్టలు కత్తిరించే బల్ల కింద చేరి, బొత్తాలు రంగులవారీగా సీసాల్లో వేస్తూ, బడిలో ఎవరు ఎవర్ని గిల్లారో మొదలుకుని టీచరు తుమ్ముల దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పేది. "అబ్బ, కాసేపు నోరు మూస్తావా, టేపు లెక్క తప్పుతోంది!" అని తల్లి రోజుకు పదిసార్లు కసిరేది. ఇప్పుడు ఆ బల్ల కింద పాత చెప్పులు తప్ప ఏమీ లేవు. టేపు లెక్క ఒక్కసారి కూడా తప్పడం లేదు. ఆ నిశ్శబ్దానికి ఆవిడకు ఏడుపొచ్చేది.

చిన్నప్పటి నుంచీ ఇంతే కదా! ఇంటికి ఎవరొచ్చినా చెల్లెల్నే ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాళ్ళు. అక్కకు మాత్రం "నువ్వు పెద్దదానివి, మంచినీళ్ళు పట్రా" అని పని చెప్పేవాళ్ళు. పోనీలే అనుకుంది, పెద్దదైంది, మరిచిపోయింది. కానీ కన్నదీ, పాలిచ్చిందీ, జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందీ తనైతే, ముద్దులూ ముచ్చట్లూ మాత్రం ఆ మహాతల్లికా? ఎవరికి మండదండీ!

"కుళ్ళుకోకే, నీ చెల్లెలేగా," అన్నాడు మొగుడు చెయ్యి కడుక్కుంటూ.

"కుళ్ళా? నాకా?" అంది. మర్నాడే కుట్టుపని పక్కన పడేసి చేపల షాపుకు వెళ్ళింది.

షాపాయన మంచివాడు. తొట్టీ, లైటూ, పంపూ, రాళ్ళూ, సముద్రపు ఉప్పు ప్యాకెట్టూ వరసగా బల్లమీద పెట్టి ఓపిగ్గా వివరించాడు. లీటరుకు ఇన్ని చెంచాలని ప్యాకెట్టు మీదే ఉంది. మూడు వారాలు ఉత్త రాళ్ళతో పంపు తిరగనివ్వాలి, ఆ తర్వాతే ప్రాణమున్నవి వెయ్యాలి. వారానికోసారి రెండు చెంబులు తీసేసి కొత్త ఉప్పునీళ్ళు పొయ్యాలి. అంతా చెప్పి, చివర్న చిన్న కొలత గొట్టం ఒకటి చూపించాడు.

"ఇది కూడా తీసుకోండమ్మా. నీళ్ళల్లో ఉప్పెంతుందో చూపిస్తుంది."

"పన్నెండేళ్ళ నుంచి వంట చేస్తున్నా. ఉప్పు చూసుకోవడం నాకు రాదంటారా?"

"సరే, మీ ఇష్టం. ఇక రోజువారీ సంగతులు మీ చెల్లెలుగార్ని అడగండి. ఆవిడ చెయ్యి తిరిగినావిడ, నాకంటే బాగా చెబుతారు."

అదిగో, ఆ మాట అనకుండా ఉండాల్సింది పాపం. "అన్నీ తెలుసులెండి," అని ఆవిడ సామాన్లు సంచీలో కుక్కుకుని గిరుక్కున తిరిగి వచ్చేసింది.

చెప్పొద్దూ, ఆ మూడు వారాలూ ఇంట్లో పండగే. పిడుగు బడి నుంచి తిన్నగా ఇంటికే వచ్చేది. కేలెండర్లో రోజులు కొట్టేసేది. నాలుగో వారం తల్లీ కూతుళ్ళిద్దరూ వెళ్ళి పగడపు ముక్కలు రెండూ, ఎర్రచారల రొయ్య ఒకటీ తెచ్చారు. లైటు వెయ్యగానే పువ్వులు విచ్చుకున్నాయి. పిల్ల ఎగిరి తల్లి మెడకు చుట్టుకుంది. ఆవిడ ఆ పూట పక్కింటావిణ్ణీ, జిప్పు కోసం వచ్చినాయన్నీ, ఎవర్నీ వదలకుండా లోపలికి లాక్కొచ్చి తొట్టి చూపించింది. చెల్లెల్ని మాత్రం పిలవలేదు.

పగడాలు తెచ్చిన రోజే ఆవిడ తొట్టిలో నీళ్ళు సరిచేసి, బట్టమీద గుర్తులు పెట్టే సుద్దతో గాజుమీద ఒక గీత గీసింది, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో తెలిసేలా. మర్నాడు చూస్తే నీళ్ళు గీతకంటే కిందికి దిగి ఉన్నాయి. లైటు వేడికి, గాలికి రోజుకో అరగ్లాసు ఆరిపోతోంది. నూలుపోగు తేడా వచ్చినా కుట్టు విప్పి మళ్ళీ వేసే మనిషి ఆవిడ, ఊరుకుంటుందా? సముద్రం తగ్గితే సముద్రమే పొయ్యాలి కదా అనుకుంది. అరగ్లాసు నీళ్ళల్లో చెంచా లెక్కన ఉప్పు కలిపి, ఒక్క చుక్క తేడా లేకుండా గీత దాకా పోసింది. రోజూ అంతే.

రెండో రోజు పక్కనే నిలబడి చూస్తున్న పిడుగు, "అమ్మా, పిన్నయితే అందులో..." అంది.

"ఆపు! మళ్ళీ మొదలెట్టావా? ఈ తొట్టి ఎవరిదే?"

"మనది."

"మరి మధ్యలో పిన్ని ఎందుకొచ్చింది? ఈ తొట్టి దగ్గర దాని పేరెత్తావంటే వీపు విమానం మోతే!"

పిల్ల నోరు మూసుకుంది. తల్లి తనే గెలిచాననుకుంది.

రెండో వారం తొట్టి అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటే తడిబట్టతో తుడిచి మురిసిపోయింది. మూడో వారం పువ్వులు సగమే విచ్చుకున్నాయి. లైటు ఎక్కువైందేమోనని పైకి జరిపింది. తక్కువైందేమోనని కిందికి దించింది. పంపును నానా తిట్లూ తిట్టింది. నాలుగో వారానికి పగడాలు ముడుచుకుపోయి, కుట్లు బిగిసిన బట్టలా తయారయ్యాయి. రొయ్య పంపు వెనక ఓ పక్కకు ఒరిగి, మీసాలు తప్ప ఏమీ కదిలించడం లేదు.

షాపాయన్ని అడగొచ్చు. అడిగితే సాయంత్రానికల్లా చెల్లెలికి తెలిసిపోతుంది. చెల్లెలు "అయ్యో అక్కా!" అంటూ పరిగెత్తుకొస్తుంది. వచ్చి చిటికెలో బాగుచేసి పారేస్తుంది. పిడుగు కళ్ళింత చేసుకుని పిన్నినే చూస్తూ ఉంటుంది. ఆ దృశ్యం తలుచుకుంటేనే ఆవిడకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు ఉండేది. చస్తే చావనీ, దాన్ని మాత్రం పిలిచేది లేదు! అనుకుని మళ్ళీ అరగ్లాసు ఉప్పునీళ్ళు కలిపింది.

పిల్ల మాత్రం తొట్టి ముందు గడ్డం ఆనించుకుని కూర్చునేది. ఏమీ మాట్లాడేది కాదు. బడి కబుర్లు కూడా లేవు.

ఆ ఆదివారం పొద్దున్న ఆవిడ ప్యాంటు అంచుకు గుండుసూదులు గుచ్చుతుంటే లోపల ఫోను మోగింది. పిడుగు తీసింది. మాట తీరును బట్టి అవతల ఎవరో తెలిసిపోయింది. ఆవిడ లేచి, చప్పుడు కాకుండా గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"బాగుంది పిన్నీ," అంటోంది పిల్ల, తొట్టివైపే చూస్తూ. "ఊఁ, అన్నీ విచ్చుకున్నాయి. రొయ్య కూడా బాగా తిరుగుతోంది... లేదు, నీ దానికంటే మాదే బాగుంది. అమ్మ చాలా బాగా చూసుకుంటోంది... వద్దు పిన్నీ, నువ్వు రావద్దు. మేమిద్దరం చూసుకుంటున్నాం."

గొంతు ఎక్కడా తొణకలేదు. కళ్ళ వెంట మాత్రం నీళ్ళు ధారగా కారుతున్నాయి. ముక్కు చీదితే పిన్నికి వినిపిస్తుందని కాబోలు, మోచేత్తో తుడుచుకుంటోంది.

నీ దానికంటే మాదే బాగుంది. ఈ ఒక్క మాట కోసమే కదా ఆవిడ ఇన్ని రోజులూ కాచుకుని కూర్చుంది! కూతురు తన పక్షాన నిలబడింది. తీరా ఆ మాట చెవిన పడ్డాక సంతోషమే లేదు. ఛీ, నేనేం తల్లినే అనిపించింది. గబగబా వెళ్ళి ఫోను తీసుకుంది. తీసుకున్నాక కూడా, దాచడమెందుకు, ఒక్క క్షణం పెట్టేద్దామనే అనుకుంది.

"ఏమే," అంది చివరికి, "అది అబద్ధం చెబుతోంది. తొట్టిలో అన్నీ చచ్చిపోతున్నాయి."

"అయ్యో! రోజూ ఏం పోస్తున్నావక్కా?"

"ఉప్పునీళ్ళు. ఒక్క చుక్క తేడా రానివ్వలేదు."

"అక్కా, ఆరిపోయేది నీళ్ళేగానీ ఉప్పు కాదు కదా. ఉప్పంతా తొట్టిలోనే ఉండిపోతుంది. దానిమీద నువ్వు రోజూ ఇంకా ఉప్పు పోస్తున్నావు. ఆరినదానికి బదులు ఉత్త మంచినీళ్ళే పొయ్యాలి. అలాగని ఇప్పుడు ఒక్కసారే పోసెయ్యకు, అవి తట్టుకోలేవు. ఎంతెంత పొయ్యాలో పిడుగుని అడుగు, దానికి తెలుసు. ఇక్కడికొచ్చినన్నాళ్ళూ రోజూ పోసింది అదే."

ఆవిడ ఫోను కింద పెట్టి కూతురివైపు తిరిగింది.

"మంచినీళ్ళు పొయ్యాలని నీకు తెలుసా?"

పిల్ల తలూపింది.

"మొదట్నుంచీ తెలుసా? ఇన్నాళ్ళూ చూస్తూ ఊరుకున్నావా? మరి చెప్పలేదేమే!"

"పిన్ని పేరు లేకుండా ఎలా చెప్పాలో తెలీలేదమ్మా," అంది పిల్ల.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకొచ్చి, తొట్టి ముందు నేలమీద కూలబడింది. రొయ్య మీసాలు ఇంకా కదులుతున్నాయి.

"ఎంత పొయ్యాలో చెప్పు తల్లీ," అంది.

పిల్ల వెంటనే చెప్పలేదు. ముందు తల్లి ముఖంకేసి చూసింది, కోపం ఉందా లేదా అని.