దొర అక్షరాలు

మంచిర్యాల స్టేషన్ ఎదుట లక్ష్మీరాజం సేటు ప్రెస్సులో లావు అక్షరాలు ఒక్క కేసే, అంటే ఒక్క గళ్లపెట్టెడే ఉండేవి. తలకట్టు బొద్దుగా, నడుము బలంగా, కొసలు మాత్రం దువ్విన మీసంలా సన్నగా తేలే పాతకాలపు అచ్చు. కంపోజిటర్ పోశం వాటిని దొరలు అనేవాడు. రోజూ నలిగి మూతులరిగిన సన్న అక్షరాలేమో జీతగాళ్లు. పెళ్లిపత్రికలో పిల్ల తండ్రి పేరు, కరపత్రంలో సినిమా పేరు, ఎన్నికలొస్తే పెద్దమనుషుల పేర్లు, వీటికే దొరలు దిగివచ్చేవి. ముహూర్తం ఎప్పుడు, విందు ఎక్కడ అన్న చాకిరీ అంతా జీతగాళ్లది. పద్నాలుగేళ్లుగా రెంటినీ పేరుస్తున్న పోశానికి అదేమీ వింతగా తోచేది కాదు.

అరవైనాలుగులో మందమర్రి బొగ్గుబాయిలో పైకప్పు కూలి అతని అన్న జాడి అంకయ్య పోయాడు. తాను తట్ట మోసి తమ్ముణ్ణి సర్కారు బడికి పంపినవాడు అంకయ్య. తనకు ఏ అక్షరమూ రాదు. ప్రెస్సుకు వచ్చినప్పుడల్లా ఒక లావు అక్షరాన్ని అరచేతిలో తూచి, "గిది బరువున్నదిరా పోశం," అని నవ్వేవాడు.

సంతాపసభకు కరపత్రం వేయించడానికి బాయి కార్మికులు వచ్చారు. అంకయ్య పేరు లావుగా వేద్దామని పోశం అంటే సరేనన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా.

"బాయి దొరసాబు స్వాగతపత్రం ఇంక ఇప్పలే," అన్నాడు సేటు, చట్రంలో బిగించి ఉన్న అక్షరాలు చూపించి. "ఆయన మల్ల వస్తుండట."

"ఒక్క వరుసనే సేటూ. మా అన్న పేరు. మల్ల ఎట్లున్నది అట్ల పేరుస్త."

"సచ్చినోడు చూడొస్తడా? సన్నయితోని కానియ్యి."

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. అంకయ్యకు ఆ మాత్రం భాగ్యమూ దక్కలేదు. పేరు అరిగిన అక్షరాల్లో సగం పడి సగం పడక, సిరా తుడిచిన గుడ్డలా మిగిలింది. అచ్చు వేసింది మాత్రం పోశమే.

దినాల నాడు వదిన నాగవ్వ ముందు కూర్చుని మాట ఇచ్చాడు.

"ఏడాదికి కరపత్రం నేను ఏపిస్త వదినె. అన్న పేరు దొర అక్షరాలల్ల ఉంటది. గింత లావు."

చదువు రాని నాగవ్వ అతని వేళ్ల మధ్య ఎడం చూసింది. "గంత పెద్దగనా?" అంది. పోయిన మనిషికి అంత పేరుంటుందని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది.

స్వాగతపత్రం విప్పిన రోజున అక్షరాలన్నీ కేసులో దేని గడిలోకి దాన్ని చేర్చాలి. ప్రెస్సు ధర్మం అది. పోశం అన్న పేరుకు కావలసినవి మాత్రం ఏరి, వరుసగా పేర్చి, దారంతో బిగించి కట్టి సొరుగు అడుగున దాచాడు. అక్షరాలు దాచడం కంపోజిటర్‌కు దొంగతనం కింద లెక్క. తెలిసే దాచాడు.

పదకొండో నెలలో ఒక గుత్తేదారు మనిషి వచ్చాడు. బాయి కూలీలకు గుడిసెలు వేయించి ఇచ్చింది ఆ గుత్తేదారే. చనిపోయిన అంకయ్య కుటుంబం గుడిసె ఖాళీ చేయాలని నోటీసు.

"పేరు లావుగ పడాలె. గుడిసెల లైను మొత్తం అంటిస్తం, మిగిలినోళ్లకు బుద్ధొస్తది," అన్నాడు.

పోశం ఆ కాగితం అందుకున్నాడు. కింది వరుసలు పేర్చి, "దొరలు తక్కువున్నయి సేటూ. పేరు సన్నగనే ఏద్దాం," అన్నాడు.

"స్వాగతపత్రం ఎప్పుడో ఇప్పితిమి కదరా!" సేటు కేసు వెతికాడు, సొరుగు లాగాడు. దారం కట్టిన వరుస బయటపడింది. అద్దంలో బొమ్మలా తిరగేసి ఉన్నా చదవడం సేటుకు అలవాటే. "అరె, గిదే పేరు! ముందుగాల్నే కట్టిపెట్టినవా? శభాష్."

అప్పుడైనా నోరు విప్పాలి. అది మా వదినె గుడిసె అనాలి, ఆ వరుస లాక్కోవాలి. ఇంటిదగ్గర పిల్లలు గుర్తొచ్చారు, దాచిన దొంగతనమూ గుర్తొచ్చింది. పోశం చట్రం బిగించాడు.

ఆదివారం మందమర్రి వెళ్లాడు. వదినకు తనే ముందుగా చెప్పాలనుకున్నాడు. అప్పటికే గుడిసె గుడిసెకూ కాగితం ఉంది. నాగవ్వ మాత్రం తన తలుపు మీదిది చిరగకుండా ఊడదీసి, లోపల దేవుని పటం పక్కన అతికించి, పైన బంతిపువ్వు గుచ్చింది.

"ఏడాది ఇంక కాకముందే ఏపిచ్చినవా తమ్మీ," అంది కళ్లు తుడుచుకుంటూ. "అంటించెటోణ్ని అడిగితే నీ మొగని పేరే అన్నడు. నువ్వు జెప్పినట్టే గింత లావు. లైనంత నీ అన్న పేరే. ఎవ్వలను సదువుమన్నా తల వంచుకొని పోతుండ్రు. కింద గా సన్నయి ఏమున్నయో నువ్వన్న సదువు."

పోశం నిలబడే చదివాడు. "పదిహేను రోజులలో గుడిసె ఖాళీ చేయవలెను."

నాగవ్వ ఆ సన్న వరుస మీద వేలు పెట్టింది.

"నువ్వే పేర్చినవా?"

"నేనే వదినె."

ఆమె లేచి వెళ్లి బంతిపువ్వు తీసేసింది.