నుదురు చల్లగానే ఉంది

మూడో నంబరు సాంచలో పోగు తెగింది. రాజనర్సు ఎనిమిది మరమగ్గాల నడుమ ఇరుకు సందులోంచి పక్కవాటుగా జారి, తెగిన కొస దొరకబుచ్చుకుని ముడి వేసి, మీట నెట్టాడు. సాంచ మళ్లీ నడిచింది. ఈ పనికి ఆయనకు కళ్లు కూడా అక్కర్లేదు. ఇరవై ఆరేళ్లుగా సిరిసిల్లలో అదే రేకుల షెడ్డు, అదే చప్పుడు. బనియను మీద నూగు, కనుబొమల మీద నూగు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి సగం పని చేస్తుంది. ఎవరైనా మాట్లాడితే ముందు పెదవుల వంక చూస్తాడు.

పదిన్నరకు గుమ్మంలో బిడ్డ కనిపించింది, చేతిలో టిఫిన్ డబ్బాతో.

నవనీతకు పదిహేడేళ్లు. కోరుట్లలో కాలేజీ హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ, నెల కింద సంచి భుజాన వేసుకుని ఇంటికి వచ్చింది. మళ్లీ పోలేదు. ఎందుకు వచ్చావంటే తలనొప్పి అంది. అప్పటినుంచి గోడవైపు తిరిగి పడుకోవడమే. తల్లి నాగవ్వ బీడీలు చుడుతూనే, "లే బిడ్డా, తల దువ్వుత రా" అని పిలిచేది. లేచేది కాదు. ఇవాళ లేచి, తలంటుకుని, జడ వేసుకుని ఇంత దూరం నడిచి వచ్చింది. రాజనర్సుకు సంతోషమైంది.

ఆమె తండ్రి చేయి పట్టుకుని బయటికి, గోడ నీడలోకి తీసుకుపోయింది.

"బాపూ, నాకు మంచిగ లేదు."

"ఆఁ?"

ఒక్కసారి చెప్పడానికే ఎంత ధైర్యం కూడదీసుకుందో ఆమె ముఖంలో తెలుస్తోంది. రెండోసారి కూడా చెప్పింది. ఆయన అరచెయ్యి లుంగీకి తుడుచుకుని ఆమె నుదుటి మీద పెట్టాడు.

"జరం లేదు బిడ్డా. సల్లగనే ఉన్నది."

"జరం కాదు బాపూ. నిద్ర పడ్తలేదు. పుస్తకం తీస్తే అక్షరాలు కనవడ్తయి గని ఏం సమజయితలేదు. తెల్లారుతుంటేనే భయమైతంది." ఆమె ఆయన ముఖంలోకి చూస్తూ, పెదవులు విడిగా కదుపుతూ మాట్లాడింది. "మొన్న అవ్వ బీడీల కంపెనీకి పోయినప్పుడు నేనొక్కదాన్నే దవఖానకు పోయిన. మనసు బాగలేనోళ్లను సూసే డాక్టరమ్మ ఉన్నది. మంచిగ మాట్లాడింది. మంగళారం మల్ల రమ్మన్నది. నిన్ను తోల్కరమ్మన్నది."

"పిచ్చి డాక్టరా?"

గొంతు తగ్గించాననే అనుకున్నాడు. తగ్గలేదు. బోరింగు దగ్గర చేతులు కడుక్కుంటున్న ఇద్దరు కార్మికులు తిరిగి చూశారు. నవనీత తల దించుకుంది.

"గట్ల పోతే నలుగురు ఏమంటరు బిడ్డా? పరీక్షల రందే గదంత. కడుపు నిండ తిను, పండు. అదే పోతది."

లోపల చప్పుడు మారింది. ఏదో ఒక సాంచ ఆగిపోయింది. మనుషుల మాట అందని చెవికి అది మాత్రం అందుతుంది. "ఈ ఆర్డర్ అయిపోని. సూద్దాం" అంటూ ఆయన లోపలికి నడిచాడు. సరే బాపూ అన్నట్టుగా ఆమె పెదవులు కదిలాయి.

మధ్యాహ్నం డబ్బా విప్పి అన్నం కలుపుతుండగా సారయ్య గుర్తొచ్చాడు. పదేళ్ల కింద పక్క సాంచాలు నడిపినవాడు. ఒకరోజు చాయ్ తాగుతూ, "మంచిగ లేదు నర్సన్నా" అన్నాడు. రాజనర్సు నవ్వి, "మనకు ఎన్నడు మంచిగున్నది?" అన్నాడు. మర్నాడు సారయ్య పనికి రాలేదు. పాడె మోసినవాళ్లలో రాజనర్సు కూడా ఉన్నాడు. ఆ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

కలిపిన అన్నం అట్లాగే ఉంచి డబ్బా మూసేశాడు. చెయ్యి కడుక్కుని సాంచాల ఆసామి బాలకిషన్ దగ్గరికి పోయాడు.

"మంగళారం నేను పనికి రాను."

"ఏమైంది?"

"బిడ్డను దవఖానకు తీస్కపోవాలె."

"ఏం జబ్బు?"

"మనసు మంచిగ లేదట."

బాలకిషన్ వెంటనే, "పోయి రా నర్సన్నా" అన్నాడు.

ఎంత తేలికగా అయిపోయింది! పొద్దున్నే ఎందుకు అనలేకపోయాడో ఆయనకు అర్థం కాలేదు. బయటికి వచ్చి నాగవ్వ ఫోనుకు చేశాడు. ఎత్తలేదు. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కంపెనీకి పోయి ఉంటుంది. మళ్లీ చేశాడు. అప్పటికే ఒక సాంచ ఆగింది. సాయంత్రం ఎదురుగానే చెబుదామని లోపలికి పోయాడు. ఆ పూట పోగులు ముడి వేస్తున్నంతసేపూ ఏమని చెప్పాలో అనుకుంటూనే ఉన్నాడు. నేను వస్త బిడ్డా. ఎవలేమన్న అనుకోని.

ఆరు దాటాక ఇంటి సందు మలుపు తిరిగాడు. వాకిట్లో జనం. ఎవరో వచ్చి ఆయన జబ్బ పట్టుకున్నారు. నాగవ్వ నేల మీద కూలబడి నోరు తెరిచి ఏదో అరుస్తోంది. ఆయనకు వినిపించలేదు. అందరి పెదవులూ ఒక్కసారే కదులుతున్నాయి.

నవనీత అప్పటికే పోయింది.

మంగళవారం పొద్దున ఆయన ఎవరికీ చెప్పకుండా బయలుదేరాడు. దవఖానలో వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ ఆ డాక్టరమ్మ గది దగ్గరికి పోయి, బిడ్డ పేరు చెప్పి బల్ల మీద కూర్చున్నాడు. నర్సు ఆ పేరు పిలిస్తే ఆయనకు వినపడలేదు. పక్కనున్న ముసలామె భుజం తట్టింది. లోపలికి పోయాడు.

"పేషెంటు ఏది పెద్దాయనా?" అని నర్సు అడిగింది.

"లేదమ్మా. పోయింది." ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తండ్రిని రమ్మన్నరట. అందుకే అచ్చిన."

డాక్టరమ్మ లేచి నిలబడింది. తర్వాత కుర్చీ ఆయన వైపు జరిపి, ఒక పచ్చ అట్ట ఫైలు విప్పి ముందు పెట్టింది. మొదటిసారి వచ్చినప్పుడు నవనీత నింపిన కాగితం అందులో ఉంది. రాజనర్సు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. పేరు. వయసు. ఊరు. నాలుగో ప్రశ్న దగ్గర వేలు ఆగింది. కష్టం వస్తే ఎవరితో చెప్పుకుంటావు?

జవాబు రాయడానికి కాగితం ఈ చివర నుంచి ఆ చివరికి చుక్కల గీత ఉంది. దాని మొదట్లో, నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాల్లో రెండే మాటలు: మా బాపుతో.