చప్పుడు లేని తాళం

తాతగారి నాటి తాళాల కంపెనీ మాది. జనం ఫోనుతోనే తలుపులు వేసుకునే రోజులొచ్చాక అమ్మకాలు పడిపోయాయి. అందుకే పట్టుబట్టి కొత్త తాళం చేయించాను. తాళంచెవి అక్కర్లేదు, ఫోను చూపిస్తే పడుతుంది. పైగా చప్పుడే ఉండదు. ఆ సంగతే ఊరంతా డప్పు కొట్టి చెప్పుకున్నాను.

కొన్నవాళ్లు కొన్నట్టే వెనక్కి పంపడం మొదలుపెట్టారు. "సరిగ్గా పడటం లేదు" అని అందరిదీ ఒకటే పాట. విప్పి చూస్తే ఏ లోపమూ లేదు! నాకు ఒళ్లు మండిపోయింది.

"నెలాఖరు దాకా చూద్దామమ్మా. ఇలాగే ఉంటే ఫ్యాక్టరీ మూసేద్దాం," అన్నాడు నాన్న, నా మొహం చూడకుండా.

ఏడుపొచ్చింది. కానీ లేని లోపం వీళ్లకెలా కనబడుతోందో తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. తాళం తిప్పి పంపిన ఒక టైలరమ్మ ఇంటికి వెళ్లి, మళ్లీ బిగించి, తలుపేసుకుని బయల్దేరమన్నాను. ఆవిడ ఫోను చూపించింది. మెట్లు దిగింది. వెనక్కొచ్చి తలుపు లాగి చూసింది. వీధి మలుపు దాకా వెళ్లి మళ్లీ వచ్చింది.

"పడిందిగా అక్కా! ఇంకా ఎందుకు అనుమానం?"

"ఏమోనమ్మా, పడినట్టు అనిపించదు."

మర్నాడు పొద్దున నాన్న మా ఇంటి పాత తాళం వేస్తున్నాడు. తాళంచెవి తిప్పి, తల కాస్త వంచి ఆగాడు. టక్. "పద," అన్నాడు. చిన్నప్పట్నుంచీ రోజూ చూస్తున్నదే.

"నాన్నా, ఏం విన్నావ్?"

"వినడమేంటే?"

"మళ్లీ వెయ్యి!"

"పిచ్చా నీకు? టైమవుతోంది!"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట! నెత్తి మొట్టుకుని ఫ్యాక్టరీకి పరుగెత్తాను.

"చప్పుడు తియ్యడానికి అంత తంటాలు పడ్డాం కదా మేడమ్!" అని ఇంజనీరు లబోదిబోమన్నాడు.

"ఇప్పుడు పెట్టడానికి పడండి."

గడియ వెళ్లి తగిలేచోట చిన్న ఉక్కు ముక్క పెట్టించాను. నెలాఖరులోపే నాన్నను వెంటబెట్టుకుని టైలరమ్మ ఇంటికి వెళ్లి, ఆ తాళం బిగించాను. ఆవిడ ఫోను చూపించింది. టక్. మెట్లు దిగింది, మలుపు తిరిగింది.

ఇద్దరం గుమ్మం ముందు నిలబడి ఎదురుచూశాం.

"రాలేదు," అన్నాడు నాన్న.

"ఉండు, వస్తుందేమో."

ఎంతకీ రాలేదు. మమ్మల్ని గుమ్మం ముందు వదిలేసిన సంగతి కూడా మర్చిపోయినట్టుంది.

నాన్న కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "పద," అన్నాడు. "ఫ్యాక్టరీలో పనుంది."